కణాలకు కరెంటు ఇస్తే: అపోహలు - వాస్తవాలు

కణాలను శరీరం బయట పెంచే కల్చర్ ల్యాబ్‌లో, వాటికి విద్యుత్ ప్రేరణ ఇవ్వడమే నా పని. తరచుగా వినే మాటలు కొన్ని.

అపోహ: కరెంటు తగిలితే కణం చచ్చిపోతుంది.

వాస్తవం: అసలు కణం బతుకే విద్యుత్తుతో. విశ్రాంతిలో ఉన్న నాడీకణం లోపలి వైపు, బయటికంటే సుమారు 70 మిల్లీవోల్టులు తక్కువగా ఉంటుంది. కణపొర మందమేమో 5 నానోమీటర్లు. లెక్క వేస్తే ఆ పొరలో సెంటీమీటరుకు లక్ష వోల్టులకు పైనే! చర్మం తెగినచోట కూడా సహజంగా ఒక విద్యుత్ క్షేత్రం పుడుతుంది. గాయం పూడ్చడానికి ఎటు పాకాలో చర్మకణాలకు తెలిపే సంకేతాల్లో అదొకటి.

అపోహ: తక్కువ కరెంటు పెంచుతుంది, ఎక్కువ కరెంటు చంపుతుంది. అంతే.

వాస్తవం: పల్స్ (కాసేపే ఉండే కరెంటు దెబ్బ) ఎంతసేపు ఉంది, ఎన్నిసార్లు వచ్చింది, ఫ్రీక్వెన్సీ ఎంత అన్నవీ తేల్చాలి. బయటి పల్స్ వల్ల పొర మీద వోల్టేజి ఒక వోల్టు దరిదాపులకు చేరితే రంధ్రాలు పడతాయి. పల్స్‌లు కొద్దిపాటివైతే అవి మళ్లీ పూడిపోతాయి. ఆలోపు డీఎన్ఏను లోపలికి పంపవచ్చు. 1982లో ఎలుక కణాల్లోకి జన్యువును అలాగే ఎక్కించారు. అవే పల్స్‌లు బలంగా, పదేపదే ఇస్తే కాల్షియం లోపలికి ముంచెత్తి, శక్తి నిల్వలు అడుగంటి కణం చనిపోతుంది. కణితుల మీద ఈ పద్ధతిని వాడుతున్నారు.

సెంటీమీటరుకు 1-3 వోల్టులే ఉన్నా, 200 కిలోహెర్ట్జ్ దగ్గర కథ వేరు. రంధ్రాలు పడవు గానీ కణ విభజన దెబ్బతింటుంది. గ్లియోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్‌కు అమెరికాలో 2011లో దీన్ని అనుమతించారు. తర్వాతి పెద్ద ట్రయల్‌లో, మందుతో పాటు ఇది వాడినవారి మధ్యస్థ జీవితకాలం 16 నుంచి 20.9 నెలలకు పెరిగింది. పూర్తిగా నయం చేస్తుందని మాత్రం ఎవరూ చెప్పకూడదు.

అపోహ: డిష్‌లో కణాలు చచ్చాయి, కాబట్టి కరెంటే చంపింది.

వాస్తవం: మా రంగంలో నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఈ తొందరపాటే. కరెంటు అందించే ఎలక్ట్రోడ్ నేరుగా మీడియంలో (కణాలు పెరిగే పోషక ద్రవంలో) ఉంటే అక్కడ రసాయన చర్యలు మొదలవుతాయి. ఆనోడ్ (ప్లస్ ఎలక్ట్రోడ్) దగ్గర ఆమ్లం, కాథోడ్ (మైనస్ ఎలక్ట్రోడ్) దగ్గర క్షారం పెరుగుతాయి. మీడియంలోని క్లోరైడ్ నుంచి క్లోరిన్ పుట్టవచ్చు, స్టీలైతే లోహ అయాన్లు కరగవచ్చు, ద్రవం వేడెక్కవచ్చు. అందుకే డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) ఇచ్చేటప్పుడు అగార్ సాల్ట్ బ్రిడ్జ్‌లు (ఎలక్ట్రోడ్‌ను కణాలకు దూరంగా ఉంచే ఉప్పు జెల్లీ గొట్టాలు) పెడతాం. పల్స్‌లైతే రెండు దిశల్లో ఛార్జ్ సమానంగా ఉండేలా చూస్తాం. ఇంకొక పరీక్ష చాలా తేలిక: కణాలు లేని మీడియంకు కరెంటు ఇచ్చి, దాన్ని తాజా కణాల మీద పోయండి. అవీ చస్తే తప్పు మీడియంలో పుట్టిన విషాలది. ఈ కంట్రోల్ (పోలిక పరీక్ష) లేని ఫలితాన్ని నేను నమ్మను.

అపోహ: ఎమ్‌టీటీ (కణాలు రంగు మార్చే రసాయనంతో చేసే పరీక్ష) రీడింగ్ పెరిగితే కణాలు పెరిగినట్టే.

వాస్తవం: అది కొలిచేది జీవక్రియను. సంఖ్య కావాలంటే కణాలను లెక్కపెట్టాలి.

అపోహ: ఎంత ఎక్కువసేపు ఇస్తే అంత మేలు.

వాస్తవం: తెగిన నరాన్ని కుట్టిన ఎలుకల్లో 20 హెర్ట్జ్ ప్రేరణ ఒక్క గంట ఇచ్చినా, రెండు వారాలు ఇచ్చినంత ఫలితం వచ్చింది.

ఇంట్లో నొప్పికి వాడే టెన్స్ మెషీన్‌తో కణితి కరుగుతుందా అని కొందరు అడుగుతుంటారు. కరగదు. అది నరాలను ప్రేరేపించడానికి చేసిన పరికరం. కణితి ఉన్నచోట గానీ, పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు గానీ డాక్టర్‌ను అడగకుండా పెట్టకండి.