ఆర్కిడ్‌కి రాత్రి చల్లదనం కావాలి

మొగల్రాజపురం,
విజయవాడ.

చిట్టికీ, బుజ్జికీ అమ్మమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో బుజ్జి గొంతు విన్నాక నాకు అన్నం సహించలేదు. "అమ్మమ్మా, మొగ్గలన్నీ రాలిపోతున్నాయి, చచ్చిపోతుందా?" అని ఏడుస్తూ అడిగాడు. చచ్చిపోదు నాన్నా. మొగ్గలు రాలినంత మాత్రాన మొక్క పోదు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతారని ఇలా రాస్తున్నాను. ఈ కాగితం కుండీ పక్కన గోడకి అంటించుకోండి.

కడియం నర్సరీలో కొన్న మీ తెల్లపూల ఆర్కిడ్ పేరు ఫెలనాప్సిస్. దాని పుట్టిల్లు ఫిలిప్పీన్స్, ఇండోనేషియా వైపు అడవులు. అక్కడ నేలలో మొలవదు, పెద్ద చెట్ల కొమ్మల్ని వేళ్ళతో పట్టుకుని బతుకుతుంది. మన మామిడిచెట్టు మీద బదనిక చూశారుగా, చూపుకి అలాగే ఉంటుంది. కాకపోతే బదనిక చెట్టు రసం పీల్చేస్తుంది, ఇది పీల్చదు. వాననీళ్ళూ, కొమ్మ మీద పేరుకున్న ఆకుచెత్తా దీనికి చాలు. నెత్తిన ఆకుల గొడుగు, చుట్టూ ఎప్పుడూ తడిగాలి. పగలు 25 నుంచి 30 డిగ్రీలు, రాత్రి 20 చుట్టుపక్కల ఉంటే దానికి హాయి. వేడి దేశపు మొక్కే కదా, మన ఎండ దానికొక లెక్కా అనుకుంటారు చాలామంది. అడవి నీడలో వేడి వేరు, గుంటూరులో పడమటి బాల్కనీ వేడి వేరు.

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను, జాగ్రత్తగా చదవండి. ఎండలో ఆడితే మీకు చెమట పడుతుంది. ఆ చెమట ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. మందారం, మల్లె కూడా ఇంచుమించు అంతే. ఆకుల మీదుండే కంటికి కనపడని రంధ్రాల్లోంచి నీటిని ఆవిరిగా వదిలి చల్లబడతాయి. మీ ఆర్కిడ్ మాత్రం పగలు ఆ రంధ్రాల్ని దాదాపు మూసేసుకుంటుంది. కొమ్మ మీద బతికేదానికి నీళ్ళు దాచుకోక తప్పదు కదా! చీకటి పడి చల్లబడ్డాకే వాటిని తెరిచి, కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని, ఆమ్లంగా మార్చి ఆకుల్లో దాచుకుంటుంది. తెల్లారాక, ఆ దాచుకున్నదాంతో వెలుతురులో తిండి వండుకుంటుంది. అంటే దానికి సరుకులు తెచ్చుకునే వేళ రాత్రి. ఆ రాత్రి కూడా ఉడికిపోతుంటే పాపం ఏం తెచ్చుకుంటుంది, ఏం వండుకుంటుంది?

మన ఊళ్ళలో కష్టమంతా అక్కడే ఉంది. మే నెలలో పగలు 42, 43 అని అందరూ టెన్షన్ పడతారు గానీ రాత్రి సంగతి పట్టించుకోరు. రాత్రిళ్ళు కూడా 28, 30 దగ్గరే ఆగిపోతుంది. మా ఇంటి వెనక కొండరాయి పగలంతా కాగి, రాత్రి పది దాటాక కూడా ఆ వేడిని వదులుతూనే ఉంటుంది. పెరటి గోడకి వీపు ఆనిస్తే ఇస్త్రీ చేసిన చొక్కా తగిలినట్టు ఉంటుంది. మీకు కొండ లేకపోయినా శ్లాబు ఉంది, పడమటి గోడ ఉంది. అందుకే కుండీని ముందు ఆ గోడ దగ్గర్నుంచి తీసేయండి. హాల్లో తూర్పు కిటికీ దగ్గర, పల్చటి తెర వెనక, గోడకి జానెడు ఎడంగా పెట్టండి. పొద్దుటి వెలుతురు చాలు దానికి.

మొగ్గలు ఎందుకు రాలాయో నాకు అర్థమైంది. రాత్రి మీతోపాటు ఏసీ గదిలో పడుకోబెట్టి, పొద్దున్నే బాల్కనీలోకి మోస్తున్నారని చిట్టి చెప్పింది. మీ ప్రేమ నాకు తెలుసు. కానీ 22 డిగ్రీల నుంచి ఒక్కసారిగా 38లోకి తెస్తే మొగ్గ తట్టుకోదు. పైగా ఏసీ గాలి పొడిగాలి, గాలిలో తడి తీసేస్తుంది. ఒకే చోట ఉంచండి, ఇక మోయకండి. హాలు తలుపులూ కిటికీలూ పదకొండు నుంచి సాయంత్రం దాకా మూసి, చల్లగాలి తిరగ్గానే తెరవండి. రాత్రంతా ఫ్యాను చిన్నగా తిరగనివ్వండి. ఒక పళ్ళెంలో గులకరాళ్ళు పోసి, రాళ్ళు మునగకుండా నీళ్ళు పోసి, వాటి మీద కుండీ పెట్టండి. బాల్కనీ గ్రిల్లుకి గోనెసంచి తడిపి కడితే లోపలికొచ్చే గాలి కాస్త చల్లబడుతుంది. కూలరు ఉంటే మంచిదే, దాని గాలి నేరుగా మొక్క మీద కొట్టకూడదు.

థర్మామీటరు కొనమంటారా అని అడిగారు. కొనండి, కుండీ పక్కనే వేలాడదీయండి. అయితే మీకు జ్వరం వస్తే అమ్మ చెయ్యి తిప్పి నుదుటి మీద పెట్టి చూస్తుంది కదా, మధ్యాహ్నం పూట అలాగే ఆకుని కూడా తాకి చూడండి. చల్లగా ఉంటే దిగుల్లేదు. వెచ్చగా తగిలితే ఎక్కడినుంచో ఎండ పడుతోందన్నమాట. ఎండలో ఈ ఆకు చుట్టూ ఉన్న గాలికన్నా ఎక్కువ వేడెక్కుతుంది. అశ్రద్ధ చేస్తే తెల్లగా పాలిపోయి, తర్వాత గోధుమరంగు మచ్చ పడుతుంది. ఆ మచ్చ ఇక పోదు.

నీళ్ళ గురించి చెప్పేటప్పుడు నా మొదటి ఆర్కిడ్ గుర్తొస్తుంది. మే నెలలో, మధ్యాహ్నం రెండింటికి, ఆకులు వాడాయని జాలేసి పైపుతో నీళ్ళు పట్టాను. మేడ మీద ట్యాంకులో నీళ్ళు టీ నీళ్ళలా కాగి ఉన్నాయి, చెయ్యి పెట్టి చూసుకోలేదు. నాలుగు రోజులకి వేళ్ళు ఉడికిన సేమియాలా మెత్తబడిపోయాయి. నా చేత్తో నేనే పోగొట్టుకున్నాను, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అందుకని మీరు రాత్రే ఒక చెంబుతో నీళ్ళు పట్టి పెట్టుకుని, పొద్దున్నే పోయండి. రోజూ పోయక్కర్లేదు. వేళ్ళ రంగు చూడండి, తడిగా ఉంటే పచ్చగా, ఆరితే వెండిరంగులో ఉంటాయి. వెండిరంగు వచ్చాకే పోయాలి. చల్లదనం కోసమని ఆకుల నడుమ ఐసు ముక్కలు పెట్టొద్దు. సుడిలో నీళ్ళు నిలిస్తే కుళ్ళుతుంది. ఎండలు ముదిరాక ఎరువు కూడా ఆపేయండి.

ఈ ఏడు మొగ్గలు పోయాయని దిగులు పడకండి. దీనికి పూలకాడ రావాలంటే కొన్ని వారాలపాటు చల్లదనం తగలాలి. 28 డిగ్రీలకి పైనే ఉంటే ఆకులు వేస్తుంది గానీ కాడ వేయదు. మనకి ఆ చల్లదనం కార్తీకం వెళ్ళాక వస్తుంది. డిసెంబరు, జనవరిల్లో రాత్రిళ్ళు 20కి అటూ ఇటూ దిగుతుంది. అప్పుడు కిటికీ తెరిచే ఉంచండి. ఆకు మొదట్లోంచి పచ్చటి మొలక తొంగిచూస్తుంది. కొన గుండ్రంగా నున్నగా ఉంటే అది వేరు. కొంచెం చదునుగా, బొటనవేలు విడిగా ఉన్న చేతితొడుగులా కనిపిస్తే అదే పూలకాడ. కనపడగానే నాకు ఫోన్ చేయాలి, ఎంత పొద్దుపోయినా సరే. అక్కడినుంచి పూలు విచ్చడానికి రెండు మూడు నెలలు పడుతుంది, అంటే ఉగాదికి కాస్త అటూ ఇటూగా.

రోహిణి కార్తెలో ఎలాగూ మీరిక్కడే ఉంటారుగా, దాన్నీ తీసుకురండి. పొద్దున ఆరింటికల్లా బయల్దేరండి, డిక్కీలో పెట్టకండి, చిట్టి ఒళ్ళో పెట్టుకోవాలి. వెనక వసారాలో వట్టివేళ్ళ తడిక పక్కన దానికి చోటు చూసి ఉంచాను.

మీ అమ్మమ్మ