సూది పక్కన చిన్న గోడ

పాలకొల్లు,
ముసురు పట్టిన ఆదివారం

చిరంజీవులైన పిల్లలకు అమ్మమ్మ ఆశీస్సులు.

మీరు ఫోనులో పంపిన ఫొటోలు పెద్దవి చేసుకుని చూశాను. కొత్త పవర్ మిషను బాగుంది. చప్పుడు లేని మోటారు తీసుకున్నారు, మంచి పని చేశారు. కుట్టు మాత్రం బోదె గట్టులా అటోసారి ఇటోసారి వంగింది. “కాలు మిషను మీద తిన్నగానే కుట్టేవాళ్ళం కదా, దీని మీద ఏమైంది అమ్మమ్మా?” అని అడిగారు. ఫోనులో చెప్తే సగం మర్చిపోతారని కాగితం మీద పెడుతున్నాను. మిషను ముందు కూర్చుని చదవండి.

మీ చెయ్యేమీ చెడిపోలేదు. వేగం మారింది, అంతే. కాలు మిషను మీద మీరెంత తొక్కితే అంత. గుడ్డ పక్కకి జరిగితే కాలు ఆపి సర్దుకునేవారు. ఈ రకం మిషను నిమిషానికి 5,000 కుట్ల వరకూ వేసేలా తయారైంది. 4,000 దగ్గరే నడిపారనుకోండి, కుట్టు పొడవు రెండున్నర మిల్లీమీటర్లు పెట్టారనుకోండి. నిమిషానికి 10 మీటర్ల గుడ్డ సూది కింద నుంచి పోతుంది. అంటే సెకనుకి 16 సెంటీమీటర్లకి పైనే. గుడ్డ తప్పిందని కన్ను చూసి, చెయ్యి సర్దేలోపు జాకెట్టు పక్క కుట్టు సగం అయిపోతుంది. అందుకని కన్ను చేసే పనిలో కొంత ఒక లోహపు ముక్కకి అప్పగించాలి.

మన చేలో వరస నాట్లు వేసేటప్పుడు ఇద్దరు చెరో గట్టున నిలబడి తాడు పట్టుకుంటారు, చూశారు కదా. నాటేవాళ్ళు వరస తిన్నగా ఉందా అని మాటిమాటికీ తలెత్తి చూడరు. తాడు వెంట గుచ్చుకుంటూ పోతారు. మిషను మీద ఆ తాడే గైడు. సూదికి కుడి పక్కన, మనకి కావలసిన మార్జిన్ దూరంలో నిలబెట్టిన చిన్న గోడ. గుడ్డ అంచు ఆ గోడని రాసుకుంటూ వెళ్తే కుట్టు అంచుకి ఎప్పుడూ ఒకే దూరంలో పడుతుంది.

దీని విలువ నేను నష్టపోయి తెలుసుకున్నాను. మీ అమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒక స్కూలు యూనిఫాం స్కర్టులు కుట్టడానికి ఒప్పుకున్నాను. ఒక్కో స్కర్టుకి ఆరు ముక్కలు, నడుముకి పట్టీ. ముక్కలన్నీ కొలత ప్రకారం కత్తిరించాను. కుట్టేటప్పుడు మార్జిన్ కంటితోనే చూసుకున్నాను. నడుం పట్టీ వేద్దామని కూర్చుంటే కొన్ని స్కర్టులు పట్టీకి చాలలేదు. కత్తిరింపు తప్పేమోనని మళ్ళీ మళ్ళీ కొలిచాను. తప్పు అక్కడ లేదు. కుట్టు కుట్టుకీ అంగుళంలో పదహారో వంతు, అంటే ఒకటిన్నర మిల్లీమీటరు, గుడ్డ ఎక్కువ తీసుకుంటున్నాను. ఆ మాత్రం తేడా కంటికి ఆనదు. కానీ ప్రతి కుట్టులోనూ రెండు ముక్కల అంచులూ లోపలికి పోతాయి కదా, ఆరు కుట్లకి అది పన్నెండుసార్లు. పదహారో వంతులు పన్నెండు కలిపితే ముప్పావు అంగుళం. పిల్ల నడుం దగ్గర ముప్పావు అంగుళం అంటే హుక్కు పడదు. రాత్రంతా లాంతరు పెట్టుకుని కుట్లు విప్పాను. మర్నాడు మిషను మీద నా మొదటి గైడు వెలిసింది.

అది ఇన్సులేషన్ టేపు. మీరూ దానితోనే మొదలుపెట్టండి. ముందు మిషను పలక మీద నూనె లేకుండా పొడిగుడ్డతో తుడవాలి, లేకపోతే టేపు పట్టదు. సూదికి కుడి పక్కన, సూది వరసకి సమాంతరంగా ఒక పొర అంటించి, దాని మీద సరిగ్గా ఇంకో పొర, ఇంకో పొర, అలా ఎనిమిది పది పొరలు వేయండి. గీతలాంటి టేపు గోడ అవుతుంది. గీతని చూడాలి, గోడ అయితే వేలికి తెలుస్తుంది. ఎడమ పక్క బాబిన్ మీద జరిగే మూతకి టేపు తగలనివ్వకండి, గుడ్డని ముందుకి లాగే పళ్ళ మీదకి రానివ్వకండి. ఈ గైడు వారం రోజులు పనిచేస్తుంది. తర్వాత జిగురు పక్కలకి కారి గుడ్డ పట్టేస్తుంది. తీసేసి, కిరసనాయిలు తడిపిన గుడ్డతో తుడిచి, ముందు చిత్తు గుడ్డ నాలుగు వరసలు కుట్టాకే అసలు గుడ్డ పెట్టండి.

విజిటింగ్ కార్డులు దొంతిగా అంటించి గోడ కట్టేవాళ్ళున్నారు. మన వైపు ఈ ముసురులో అట్ట చెమ్మ పీల్చి ఉబ్బుతుంది, నిన్నటి కొలత ఇవాళ ఉండదు. పాత ఏటీఎం కార్డు కత్తిరించుకుంటే నయం. అయస్కాంతం తేలిక, కావలసిన చోట పెట్టి తీసేయొచ్చు. కానీ గుండు సూదులూ విరిగిన సూది మొనలూ దానికి అతుక్కుని చీరని గీరుతాయి. అదురుకి జరిగి సూది కిందకి వచ్చిందంటే సూది విరిగి ముక్క ఎగురుతుంది. మీ కళ్ళ ముందు పని అది. నేను అయస్కాంతం వాడను.

నేను ఇప్పటికీ వాడేది అల్యూమినియం యాంగిల్ ముక్క, అంటే ‘L’ ఆకారంలో రెండు చేతులున్న పట్టీ. కిటికీ ఫ్రేములు చేసే షాపులో తుక్కులో పడి ఉంటుంది, అడిగితే ఇస్తారు. ఇనుముది వద్దు. మన గాలికి రెండు రోజుల్లో తుప్పు పట్టి తెల్ల గుడ్డకి మరక చేస్తుంది. రేకు పట్టీని వంచి గోడ చేద్దామని కూడా అనుకోకండి, అది నేనూ చేసి చూశాను. వంచిన చోట మూల గుండ్రంగా వస్తుంది. గోడకీ మిషను పలకకీ మధ్య సన్నటి సందు మిగులుతుంది, జార్జెట్టూ వాయిలూ ఆ సందులోకి దూరిపోతాయి. యాంగిల్‌కి బయటి మూల పదునుగా ఉంటుంది, అడుగు పలకకి ఆనుకుని కూర్చుంటుంది. గైడులో ముఖ్యమైనది ఆ మూలే. తయారయ్యాక సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితం ముక్కని గోడ కిందకి తోసి చూడండి. దూరితే గైడు పనికిరాదు, ఆకురాయితో అడుగు సమం చేయండి.

చేసే విధానం చెప్తాను. సూదికి కుడి పక్కన పలక మీద మరలున్న చిన్న బెజ్జాలు రెండు ఉంటాయి. నూలు పీచు నిండిపోయి కనబడకపోవచ్చు, పాత సూదితో తవ్వండి. గైడు బిగించడానికే వాటిని పెట్టారు. బెజ్జం నుంచి సూదికి ఎంత దూరమో కొలిచి, దానికి సరిపడా వెడల్పున్న యాంగిల్ వెతకండి. రెండు అంగుళాల పొడవు కోయించండి. పడుకునే చెయ్యిలో స్క్రూ కోసం గాడి కావాలి. దానికి 5 మిల్లీమీటర్ల బెజ్జాలు నాలుగు వరసగా, పక్కపక్కనే వేయించి, మధ్య మిగిలిన గోడలని సన్నటి గుండ్రటి ఆకురాయితో అరగదీస్తే గాడి తయారవుతుంది. గాడి ఉంటే గైడుని సూదికి దగ్గరగా, దూరంగా జరుపుకోవచ్చు. నిలబడే చెయ్యిని చిటికెనవేలి మందానికి తగ్గించండి, ఎత్తుగా ఉంటే చేతికి అడ్డం. అంచులన్నీ ఆకురాయితో, ఆ పైన గరుకు కాగితంతో రుద్దాక మీ బుగ్గ మీద రాసి చూసుకోండి. బుగ్గకి గీసుకుంటే పట్టుకి కూడా గీసుకుంటుంది. చివరికి గోడ ముఖానికి పారదర్శకమైన టేపు ఒక్క పొర అంటించండి. వట్టి అల్యూమినియం తెల్ల గుడ్డ అంచుకి నల్లటి రంగు పులుముతుంది.

స్క్రూ దగ్గర తొందరపడకండి. హార్డ్‌వేర్ షాపులో దొరికే 4 మిల్లీమీటర్ల స్క్రూ చూడ్డానికి సరిపోయేలా ఉంటుంది, కానీ ఈ మిషన్లకి చాలావాటికి అంగుళంలో 11/64 వంతు లావు, అంగుళానికి 40 మరలు ఉన్న స్క్రూ కావాలి. వేరే రకం బలవంతంగా తిప్పితే పలకలో మర పోతుంది. మిషను విడిభాగాల షాపులో గైడు స్క్రూ అని అడగండి. చేత్తో తిప్పే తల ఉన్నది దొరికితే అదే తీసుకోండి.

బిగించేటప్పుడు స్విచ్ తీసేయాలి. పాత క్లచ్ మోటారు ఉన్న మిషను మీద ఎప్పుడైనా కూర్చుంటే ఇది గుర్తుంచుకోండి: స్విచ్ తీసినా లోపల చక్రం కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. కాలు నొక్కి అది పూర్తిగా ఆగేదాకా చూసి, అప్పుడే సూది దగ్గర వేళ్ళు పెట్టండి.

కొలత ఎప్పుడూ సూది మొన నుంచే. ప్లేటు బెజ్జం అంచు నుంచి, గుడ్డని నొక్కి పట్టే ఫుట్ అంచు నుంచి కొలిచేవాళ్ళకి ప్రతిసారీ ఒక వెంట్రుక వాసి తేడా వస్తుంది. నేనైతే అట్టముక్క మీద అంచు నుంచి అంగుళంలో మూడు ఎనిమిదో వంతుల దూరంలో, అంటే 9.5 మిల్లీమీటర్ల దగ్గర పెన్సిలు గీత గీస్తాను. చక్రం చేత్తో తిప్పి సూదిని సరిగ్గా ఆ గీతలో దించుతాను. గైడుని అట్ట అంచుకి ఆనించి స్క్రూ బిగిస్తాను. అరంగుళానికో అట్ట, పావు అంగుళానికో అట్ట, అన్నీ పౌడరు డబ్బాలో ఉన్నాయి. పావు అంగుళం పెట్టినప్పుడు గోడ ఫుట్‌కి తగులుతుందేమో చక్రం తిప్పి చూశాకే స్విచ్ వేయండి.

కుట్టేటప్పుడు సూదిని చూడకండి. మీ వయసులో అందరం సూదినే చూస్తాం, అది మిలమిలా ఆడుతుంటే కన్ను అటే పోతుంది. సూది దగ్గరకి వచ్చిన గుడ్డ సంగతి అప్పటికే తేలిపోయింది. సూదికి ఒక అంగుళం ముందర అంచు గోడకి ఆనిందా లేదా, అదే చూడండి. అంచుని గోడకేసి తోయకూడదు. తోస్తే పల్చటి గుడ్డ పైకి మడతపడి, కొలత బాగానే ఉన్నట్టు కనబడుతూ కుట్టు తప్పుతుంది. గోడని రాసుకుంటే చాలు.

వంపుల దగ్గర ఈ పొడుగాటి గోడ పనికిరాదు. చంకా మెడా కుట్టేటప్పుడు వంపు తిరిగిన అంచు పొడుగు గోడకి సూది దగ్గర ఆనదు, ఇంకెక్కడో ఆనుతుంది. దానికి వేరే గైడు చేసుకోవాలి: గోడ వేలి గోరంత, ముఖం గుండ్రం, సరిగ్గా సూదికి ఎదురుగా ఒక్క చోటే గుడ్డని తాకేలా. మీకు జాకెట్టు పని ఎక్కువ కాబట్టి ఇది రెండో వారంలోనే చేసేయండి. కాలరు అంచు మీద వేసే పైకుట్టుకి మాత్రం గైడు కంటే కాంపెన్సేటింగ్ ఫుట్ (ఒక పక్క స్ప్రింగు మీద లేచి దిగే ఫుట్) మేలు, అది కొనుక్కోండి.

మీ పక్కింటి అత్తయ్య నరసాపురం లేసు అంచులు బల్లగుడ్డలకి కుట్టమని ఇస్తానందని రాశారు. సంతోషం. చేత్తో అల్లిన ఆ లేసుకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఈ ప్రాంతపు సరుకు అనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, తెలుసుగా. లేసు అంచుని ఎన్నడూ గోడకి ఆనించకండి. దానికి పళ్ళు పళ్ళుగా ఉంటుంది, గోడ దాటినప్పుడల్లా కుట్టు ఎగుడు దిగుడవుతుంది, ఒక్క ముడి తగులుకుంటే ఎవరో నాలుగు రోజులు కూర్చుని అల్లింది ఊడిపోతుంది. లేసుని ఎడమ పక్కకి వదిలి, బల్లగుడ్డ మడతని గోడకి ఆనించి, నిదానంగా కుట్టండి. ఆ పనికి మోటారు వేగం సగానికి తగ్గించండి, ఆ సౌకర్యం మీ మోటారుకి ఉంది.

ఈ వారం పాత దుప్పటి ముక్క తీసుకుని టేపు గైడుతో పది వరసలు, యాంగిల్ గైడుతో పది వరసలు కుట్టండి. ప్రతి వరస పక్కనా అనుకున్న కొలతా, స్కేలు పెట్టి చూస్తే వచ్చిన కొలతా రెండూ పెన్నుతో రాయండి. ఇస్త్రీ చేయకండి, ఉతకకండి. సంక్రాంతికి వచ్చేటప్పుడు సంచిలో అడుగున పెట్టి తెండి, అరుగు మీద కూర్చుని కలిసి కొలుద్దాం.

మీ అమ్మమ్మ