టోరెంట్‌లో ఇచ్చిపుచ్చుకోవడం: లెక్క ఎక్కడ తెగింది

గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన పర్లాకిమిడిలో, 1936లో ఒడిశాలో చేరిన ఆ ఊళ్లో, పాత తెలుగు పుస్తకం దొరకడం నేడు సులువు కాదు. అందుకే హక్కుల గడువు తీరిన పుస్తకాలను స్కాన్ చేసి, మేము కొందరం బరంపురం మిత్రులతో టోరెంట్ ద్వారా, అంటే ఫైలును ముక్కలు ముక్కలుగా ఒకరి కంప్యూటర్ నుంచి మరొకరు నేరుగా దించుకునే పద్ధతిలో, పంచుకుంటున్నాం. పోయిన నెల ఒక వ్యాకరణ గ్రంథం నాలుగు రోజులపాటు 97 శాతం దగ్గరే నిలిచిపోయింది; పూర్తి ప్రతి ఉన్న కంప్యూటర్ ఒక్కటీ ఆన్‌లైన్‌లో లేదు. దించుకున్నవారిని స్వార్థపరులనడం తేలికే గాని, లోపం టోరెంట్‌లోని ఇచ్చిపుచ్చుకునే నియమంలోనే ఉంది. ఆ నియమం మూలం ఒక పాత ఆటలో కనిపిస్తుంది.

1950లో అమెరికాలోని రాండ్ పరిశోధన సంస్థలో మెరిల్ ఫ్లడ్, మెల్విన్ డ్రెషర్ రూపొందించిన ఆటకు ఆల్బర్ట్ టకర్ ‘ఖైదీల సందిగ్ధం’ అని పేరు పెట్టారు: ఇద్దరూ సహకరిస్తే ఇద్దరికీ మేలే అయినా, ఎవరి లాభం వారు చూసుకుంటే సహకరించకపోవడమే మేలనిపిస్తుంది. దాదాపు మూడు దశాబ్దాల తర్వాత రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ ఈ ఆటను పదేపదే ఆడించే కంప్యూటర్ పోటీలు పెట్టగా, అనటోల్ రాపోపోర్ట్ పంపిన చిన్న ప్రోగ్రామ్ గెలిచింది. అది మొదట సహకరిస్తుంది, తర్వాత ఎదుటివారు చేసిందే తానూ చేస్తుంది.

2000లో, జనం తమ కంప్యూటర్ల నుంచి నేరుగా ఫైళ్లు పంచుకునే నుటెల్లా నెట్‌వర్క్‌ను పరిశీలించినవారు దాదాపు 70 శాతం మంది ఏ ఫైలూ పంచడం లేదని తేల్చారు. మరుసటి ఏడాది బ్రామ్ కోహెన్ తెచ్చిన బిట్‌టోరెంట్, అంటే మేము వాడే టోరెంట్ పద్ధతే, దీనికి జవాబు వెతికింది. రాపోపోర్ట్ ప్రోగ్రామ్ లాగే, తనకు వేగంగా ముక్కలు పంపుతున్నవారెవరో 10 సెకన్లకోసారి చూసుకుని వారికే తిరిగి పంపుతుంది. 30 సెకన్లకోసారి మాత్రం ఏ లెక్కా చూడకుండా ఒకరిని ఎంచుకుని ఇస్తుంది. ఆ ఉదారత లేకపోతే చేతిలో ఏమీ లేని కొత్తవారికి మొదటి ముక్క దక్కడమే కష్టం. ఈ ఏర్పాటులో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే.

అయితే ఫైలు పూర్తిగా దిగిన క్షణాన ఆ లెక్క తెగిపోతుంది. పుచ్చుకోవలసింది ఇంకేమీ లేదు గనుక, ఇమ్మని అడిగే బలమూ లేదు. వేలమంది కోరే ఫైలుకు ఎవరో ఒకరు మిగులుతారు. ఏడాదికి ముగ్గురు అడిగే తెలుగు పుస్తకానికి మిగలరు.

కొన్ని ప్రైవేటు బృందాలు ఎంత దించుకున్నారో, ఎంత ఇచ్చారో లెక్కగట్టి, వెనుకబడిన సభ్యులను తొలగిస్తాయి. అరుదైన పుస్తకాల విషయంలో అది అన్యాయం: అడిగేవారే లేనప్పుడు ఎంతసేపు కాచుకుని ఉన్నా ఖాతాలో ఏమీ పడదు. అందుకే మేము పంపిన మెగాబైట్లను కాక, కంప్యూటర్ అందుబాటులో ఉంచిన గంటలను అందరికీ కనిపించే పట్టికలో రాసుకుంటున్నాం. ఆ వ్యాకరణ గ్రంథం ఐదో రోజు రాత్రి, పూర్తి ప్రతి ఉన్న మిత్రుడు రాయగడ నుంచి తిరిగొచ్చాక దిగింది. ఇప్పుడు దానికి ముగ్గురం వంతులవారీగా కాపు ఉంటున్నాం.