ఫించ్ పిట్టలు ఉన్నట్టుండి చనిపోతే: అపోహలు, వాస్తవాలు

పక్షుల వైద్యం చేసేవాళ్ల దగ్గరికి ఫించ్ అనే ఈ చిన్న పంజరపు పిట్ట బతికుండగా రావడం తక్కువ. ఎక్కువగా ఫోనే వస్తుంది. "డాక్టర్ గారూ, పొద్దున చూసేసరికి పంజరం అడుగున పడి ఉందండీ. నిన్న సాయంత్రం దాకా బాగానే ఉంది." అప్పటికే ఇంట్లోవాళ్లు, పక్కింటివాళ్లు, పిట్టను అమ్మిన షాపతను తలా ఒక కారణం చెప్పేసి ఉంటారు. చలిగాలి అని ఒకరు, దిష్టి అని ఒకరు, వాటి ఆయుష్షే అంత అని మరొకరు.

ఆయుష్షు మాట ముందు తేల్చేద్దాం. సరైన మేత, శుభ్రమైన గాలి ఉంటే జీబ్రా ఫించ్ మామూలుగా ఐదు నుంచి ఏడేళ్లు బతుకుతుంది. ఏడాది తిరక్కుండా పోతే అది ఆయుష్షు తీరి కాదు. దానికో కారణం ఉంటుంది. చాలాసార్లు ఆ కారణం పంజరంలోనో, పంజరం పెట్టిన గదిలోనో ఉంటుంది. దాన్ని కనిపెడితేనే మిగిలిన పిట్టలు బతుకుతాయి.

అపోహ: నిన్నటిదాకా ఆరోగ్యంగా ఉంది, రాత్రికి రాత్రే పోయింది

నేను అన్నిటికన్నా ఎక్కువగా వినే మాట ఇదే. ఎక్కువసార్లు తప్పని తేలేదీ ఇదే. గుంపులో నీరసంగా కనిపించిన పిట్ట మీదే డేగ కన్ను పడుతుంది. అందుకే ఒంట్లో బాగోకపోయినా ఫించ్ ఆ సంగతి దాచిపెడుతుంది. మనిషి దగ్గరికి రాగానే ఈకలు సర్దుకుని నిటారుగా కూర్చుంటుంది. గిన్నె దగ్గరికి వెళ్లి ముక్కుతో గింజలు కదుపుతుంది. మనకు తింటున్నట్టే కనిపిస్తుంది. లోపలికి మాత్రం ఏమీ పోదు.

చనిపోయిన పిట్టను ప్లాస్టిక్ కవరు తొడుక్కున్న చేత్తో తీసుకుని, రొమ్ము మధ్యలో ఉండే ఎముకను వేలితో తడిమి చూడండి. రెండు పక్కలా కండ నిండుగా ఉంటే చావు నిజంగానే తొందరగా వచ్చింది. విషపు గాలి, దెబ్బ, ఎండ, గుడ్డు అడ్డుపడటం లాంటివి ఆలోచించాలి. ఎముక పదునుగా చేతికి తగిలితే మాత్రం ఆ పిట్ట రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి చిక్కిపోతూ వచ్చిందన్నమాట. ఈకల వల్ల అది పైకి కనబడదు.

అలా చిక్కి చనిపోయినవాటిలో తరచుగా కనిపించేవి మూడు. ఒకటి, కడుపులో పెరిగే మాక్రోరాబ్డస్ అనే ఈస్ట్, అంటే ఒక రకం శిలీంధ్రం. పిట్ట తింటూనే ఉంటుంది కానీ అరగదు, రెట్టలో గింజలు గింజలుగానే పడతాయి. రెండు, పేగుల్లో చేరే కాక్సిడియా అనే పరాన్నజీవి. మూడు, గాలిగొట్టంలో, పక్షి ఊపిరితిత్తులను అంటి ఉండే గాలిసంచుల్లో కాపురం ఉండే స్టెర్నోస్టోమా అనే సూక్ష్మమైన పురుగు. గౌల్డియన్ అనే రకం ఫించ్‌లు ఉన్నవాళ్లు ఈ మూడోదాన్ని బాగా గుర్తుపెట్టుకోవాలి, వాటిలో ఇది ఎక్కువ. పాట తగ్గిపోతుంది, నోరు తెరిచి ఊపిరి తీస్తుంది, ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందికీ ఊగుతుంది. రాత్రి గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు పంజరం దగ్గర చెవి పెడితే సన్నగా టిక్ టిక్ మని వినిపిస్తుంది.

మరి పొద్దున్నే ఎందుకు చనిపోయి కనిపిస్తాయి? ఫించ్ ఒంటి వేడి 41, 42 డిగ్రీలు. అంత చిన్న శరీరం రాత్రంతా ఆ వేడిని నిలుపుకోవాలంటే పగలు తిని దాచుకున్న కొవ్వును కరిగించాలి. చిక్కిన పిట్ట దగ్గర ఆ నిల్వ ఉండదు. సంక్రాంతి ముందరి పొడుగాటి చలిరాత్రి దానికి దాటరానిదవుతుంది. చలి చివరి దెబ్బ మాత్రమే, జబ్బు అంతకుముందు నుంచే ఉంది.

పదో వంతు గ్రాము దాకా చూపే చిన్న తూకం ఒకటి కొనుక్కోండి. వారానికోసారి పిట్టను చిన్న డబ్బాలో పెట్టి తూచి రాసుకోండి. 12 గ్రాముల పిట్ట ఒక గ్రాము తగ్గిందంటే 60 కిలోల మనిషి ఐదు కిలోలు తగ్గినట్టు. కంటికి తెలియని ఆ ఒక్క గ్రామును తూకం పట్టిస్తుంది.

అపోహ: వంటింట్లో పొగ హాల్లో పంజరం దాకా రాదు

కండ నిండుగా ఉన్న పిట్టలు, అదీ ఒకటి కాదు, రెండు మూడు కలిపి ఒకే పూట పోతే నేను అడిగే మొదటి ప్రశ్న, ఇంట్లో ఆ పూట ఏం వండారు, ఏం వెలిగించారు, ఏం స్ప్రే కొట్టారు అని.

నాన్‌స్టిక్ పెనం మీది పూత సుమారు 260 డిగ్రీలు దాటి వేడెక్కితే విషవాయువులు వదులుతుంది. దోసె వేద్దామని ఖాళీ పెనం స్టవ్ మీద పెట్టి, ఫోన్ వచ్చిందని పక్కకు వెళితే చాలు, కొద్ది నిమిషాల్లోనే పెనం అంత వేడెక్కుతుంది. ఆ వాయువుకు ఘాటైన వాసన ఉండదు, మనకు దగ్గు కూడా రాకపోవచ్చు. పిట్టకు మాత్రం ఊపిరితిత్తుల్లో రక్తం, నీరు చేరి నిమిషాల్లో ప్రాణం పోతుంది. పక్షి ఊపిరి తీసుకున్నప్పుడూ వదిలినప్పుడూ కూడా గాలిసంచుల ద్వారా కొత్త గాలి ఊపిరితిత్తుల్లో పారుతూనే ఉంటుంది. ఎగరడానికి శక్తినిచ్చే ఆ ఏర్పాటే గాలిలోని విషాన్ని మనకన్నా ఎంతో వేగంగా లోపలికి తీసుకెళుతుంది. ఇదే పూత కొన్ని ఇస్త్రీ పెట్టెలకు, ఎయిర్ ఫ్రయర్లకు, వేడికోసం పెట్టే కొన్ని బల్బులకు కూడా ఉంటుంది. చలికాలంలో పంజరం పక్కన బల్బు పెట్టేవాళ్లు పూత లేనిది చూసుకుని కొనాలి.

దోమల చుట్ట, దోమల స్ప్రే, బొద్దింకల మందు, కొత్త పెయింటు, తలుపులు మూసిన గదిలో సాంబ్రాణి పొగ, దీపావళి రాత్రి వీధంతా కమ్మే మందుగుండు పొగ, ఇవన్నీ అదే జాబితాలోవి. పూజ మానెయ్యమని నేను చెప్పను. పంజరాన్ని ఆ పూట కిటికీలు తెరిచిన వేరే గదిలోకి మార్చమంటాను. వంటింట్లో గానీ, వంటింటికి తెరుచుకునే హాల్లో గానీ ఫించ్‌ను పెట్టకపోవడమే మంచిది.

అపోహ: ఎడారి పిట్ట కదా, ఎండకు ఏమీ కాదు

జీబ్రా ఫించ్ ఆస్ట్రేలియాలోని పొడి ప్రాంతాల పిట్ట అన్నది నిజమే. ఆ ఆస్ట్రేలియాలోనే 2009 జనవరిలో, పశ్చిమ ప్రాంతంలో వచ్చిన వడగాలులకు బడ్జెరిగార్లు అనే చిన్న చిలుకలు, జీబ్రా ఫించ్‌లు వేల సంఖ్యలో చనిపోయాయి. ఎగిరి నీడకు, నీటికి వెళ్లగలిగిన పిట్టలకే అలా జరిగితే, మే నెలలో బాల్కనీ ఇనుప గ్రిల్‌కు తగిలించిన పంజరంలో పిట్ట ఎటు పోతుంది?

పక్షికి చెమట పట్టదు. నోరు తెరిచి ఒగర్చి, ఆ తడి ఆవిరవడం ద్వారానే ఒళ్లు చల్లబరచుకుంటుంది. గాలి వేడి దాని ఒంటి వేడిని దాటితే అదొక్కటే దారి. విజయవాడ, మచిలీపట్నం లాంటి చోట ఉక్కపోత వల్ల ఆ దారి కూడా సగం మూసుకుపోతుంది. అందుకే రామగుండంలో 44 డిగ్రీల పొడి ఎండ ఎంత ప్రమాదమో, కోస్తాలో అంతకన్నా తక్కువ ఎండ కూడా అంత ప్రమాదం కావచ్చు. రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి, నోరు తెరిచి ఒగరుస్తుంటే వెంటనే నీడకు మార్చి, మామూలు నీళ్లు సన్నగా చల్లి, ఫ్యాన్ గాలి దూరం నుంచి తగలనివ్వండి. ఐసు నీళ్లు వద్దు.

అపోహ: గిన్నె నిండా గింజలున్నాయి, ఆకలితో పోయే ప్రశ్నే లేదు

ఫించ్ గింజను ఒలిచి తింటుంది, పొట్టును అక్కడే వదులుతుంది. పైన పేరుకున్నది కొర్రల పొట్టే అయినా చూపుకు గిన్నె నిండుగానే ఉంటుంది. రోజూ ఒకసారి పైన ఊది చూడండి. 12 గ్రాముల పిట్ట రోజుకు 3 గ్రాముల దాకా గింజ తింటుంది, ఒక్క రోజు పస్తు కూడా దాని ప్రాణం మీదికి తెస్తుంది. రెండు రోజులు ఊరెళుతూ గిన్నె నింపి వెళ్లిన ఇళ్లలో ఇది జరుగుతుంటుంది. వానాకాలంలో చెమ్మ తగిలి బూజు వాసన వచ్చే కొర్రలు, సామలు పారేయండి, ఆ బూజు విషం కాలేయాన్ని తినేస్తుంది. ఎండబెట్టి మళ్లీ వాడటం వల్ల విషం పోదు.

అపోహ: గుడ్లు పెట్టడం సహజమే, దాంతో ఎందుకు పోతుంది?

ఆడ పిట్ట ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చుని, కాళ్లు ఎడంగా పెట్టి ముక్కుతోందంటే గుడ్డు అడ్డుపడిందని అనుమానించాలి. అది గంటల్లో ప్రాణం తీస్తుంది. ఒంట్లో కాల్షియం తక్కువైతే గుడ్డు పెంకు మెత్తబడుతుంది, దాన్ని బయటికి నెట్టే కండరం కూడా చచ్చుబడుతుంది. గూడు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటే జీబ్రా ఫించ్ ఒక ఈత పిల్లలు ఎగరకముందే మళ్లీ నాలుగైదు గుడ్లకు సిద్ధమవుతుంది. ఏడాదికి రెండు మూడు ఈతలు చాలు, ఆపైన గూడు తీసేయాలి. సముద్రపు నురుగు, అదే షాపుల్లో కటిల్ బోన్ అని అమ్మేది, పంజరంలో ఎప్పుడూ ఉండాలి. ఎండ తగలని ఫ్లాట్‌లో ఉంచే పిట్టకు విటమిన్ డి3 కూడా కావాలి. గుడ్డు అడ్డుపడిన పిట్టను 30 డిగ్రీల వెచ్చదనంలో పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. పొట్ట నొక్కొద్దు. లోపల గుడ్డు పగిలితే కాపాడటం చాలా కష్టం.

అపోహ: షాపులో ఇచ్చే పొడి నీళ్లలో కలిపితే ఏ జబ్బైనా తగ్గుతుంది

దీని మీద నాకు నిజంగా కోపం. ఆ పసుపు పొడి సాధారణంగా టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్. ఈస్ట్ మీద, పురుగుల మీద అది పనిచేయదు. నీళ్లు చేదెక్కి, జబ్బుపడ్డ పిట్ట ఉన్న కాస్త నీళ్లు తాగడమూ మానేస్తుంది.

పురుగులను చంపే ఐవర్‌మెక్టిన్ అనే మందు సంగతి ఇంకా దారుణం. పశువులకు వాడే ఇంజెక్షన్‌లో ఒక మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. అందులో ఒక చుక్క అంటే దాదాపు అర మిల్లీగ్రాము. కిలోకు 0.2 మిల్లీగ్రాముల లెక్కన 12 గ్రాముల పిట్టకు కావలసింది 0.0024 మిల్లీగ్రాములు. అంటే ఆ ఒక్క చుక్కలో రెండు వందల రెట్లు మందు ఉంది. "ఒక్క చుక్కే కదా వేశాం" అనేవాళ్లకు ఈ లెక్క ఎవరూ చెప్పి ఉండరు. మందు మంచిదే, కానీ తూకం వేసి, పలుచన చేసి వేయాలి.

అపోహ: జంట పోయిందన్న దిగులుతో రెండోదీ పోయింది

జీబ్రా ఫించ్‌లు జంటను అంటిపెట్టుకునే పిట్టలే. తోడు పోతే పిలుస్తూ వెతుకుతాయి, ఆ బాధ నిజం. కానీ వారంలోపు రెండోదీ పోయిందంటే రెండూ ఒకే గాలి పీల్చాయి, ఒకే గిన్నెలో తిన్నాయి అన్నది ముందు చూడాలి. ఈ మధ్య కొత్త పిట్టను తెచ్చి కలిపారా? కొత్తదాన్ని కనీసం 30 రోజులు వేరే గదిలో ఉంచాలి. బెంగలీస్ అనే రకం ఫించ్ తాను బాగానే ఉంటూ కాక్లోసోమా అనే పేగు పరాన్నజీవిని మోయగలదు. పెంపుడుతల్లిగా అది సాకే గౌల్డియన్ పిల్లలు మాత్రం తట్టుకోలేవు.

అపోహ: బెదిరితే గుండె ఆగి చచ్చిపోతుంది

కొంత నిజం. పిల్లి, ఎలుక, టపాకాయ దేనికి బెదిరినా చీకట్లో ఎగిరి ఊచలకు తల కొట్టుకుని చనిపోవడం చూస్తుంటాం. రాత్రి చిన్న బెడ్‌లైట్ ఉంచండి, పంజరం ఒక పక్క గోడకు ఆన్చండి. మరొకటి, పట్టుకునేటప్పుడు రొమ్ము మీద బిగించొద్దు. పక్షికి మనలా డయాఫ్రం, అంటే రొమ్ముకూ పొట్టకూ మధ్య ఊపిరి ఆడించే కండరం, ఉండదు, రొమ్ము ఎముక కదిలితేనే ఊపిరి ఆడుతుంది. గట్టిగా పట్టుకున్న పిట్ట బెదిరి కాదు, ఊపిరాడక పోతుంది.

అపోహ: ఇది బర్డ్ ఫ్లూనే

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లఫారాల్లో హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరస్ బయటపడ్డాక ఈ టెన్షన్ పెరిగింది. ఇంట్లోనే ఉండే, బయటి పక్షులతో, కోళ్లతో సంబంధం లేని ఒక్క ఫించ్ పోతే ముందు అనుమానించాల్సింది అది కాదు. చుట్టుపక్కల కోళ్లు, కాకులు కూడా చనిపోతుంటే మాత్రం శవాన్ని ముట్టుకోకుండా పశుసంవర్ధక శాఖకు చెప్పండి.

అపోహ: చచ్చిపోయాక డాక్టరు చేసేదేముంది?

చాలా ఉంది, మిగతా పిట్టల కోసం. ముందు కిటికీలు తెరిచి వాటిని మరో గదికి మార్చండి, నీళ్లూ గింజలూ మార్చండి, పాత గింజల్లో కొంచెం కవర్లో దాచండి. చిన్న పక్షి శవం వేడిగా ఉండి, ఈకల వల్ల చల్లారక, తొందరగా లోపల కుళ్లుతుంది. కాస్త సబ్బు కలిపిన చల్లటి నీళ్లతో ఈకలు తడిపి, రెండు కవర్లలో మూటగట్టి, తినే వస్తువులకు దూరంగా ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టండి. డీప్ ఫ్రీజర్‌లో వద్దు, గడ్డకడితే కణజాలం చెడిపోయి పరీక్షకు పనికిరాదు. 24 గంటల్లోపు తీసుకెళ్లాలి. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలల్లో పాథాలజీ విభాగాలున్నాయి, ముందు ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. పంజరం అడుగు కాగితం మీది రెట్ట కూడా వెంట తీసుకెళ్లండి. ఈస్ట్, కాక్సిడియా సంగతి చాలాసార్లు మైక్రోస్కోపు కింద ఆ తాజా రెట్టలోనే తేలిపోతుంది, బతికున్న పిట్టలకు అదే రోజు మందు మొదలుపెట్టొచ్చు.