సుగ్గి ఊళ్లలో సాయంత్రం బడి: అపోహలు - వాస్తవాలు

కర్నూలు జిల్లాలో కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు సుగ్గికి, అంటే పంట కోతల కూలికి వలస పోయే ఊళ్లలో పిల్లలకు సాయంత్రం చదువు చెప్తామని ముందుకొచ్చేవాళ్లకు కొదవ లేదు. ఆర్నెల్ల తర్వాత కూడా కనిపించేవాళ్లే తక్కువ. దానికి ఈ కింది నమ్మకాలే చాలావరకు కారణం.

అపోహ: పిల్లల మధ్య కూర్చుంటే మొదటి రోజే మనసు నిండిపోతుంది.

వాస్తవం: మొదటి నెలన్నర విసుగే ఎక్కువ. కరెంటు పోతుంది, నిన్న చెప్పింది ఇవాళ గుర్తుండదు, ఇరవై మందికి ఎనిమిది మందే వస్తారు. ఆదివారం ఒక్కరోజే నాలుగు గంటలు చెప్పేకంటే వారానికి నాలుగు సాయంత్రాలు, గంటన్నర చొప్పున చెప్పండి. మధ్యలో ఆరు రోజులు ఖాళీ పడితే నేర్చిన గుణింతం జారిపోతుంది. ప్రతి పిల్లకూ నోట్సులో ఒక పేజీ పెట్టండి. జూలైలో ‘పలక’ కూడబలుక్కున్న పిల్ల సెప్టెంబరులో ‘చెట్టు’ చదివిందని తేదీతో రాసి ఉంటే, ఈ పని ఎందుకు చేస్తున్నామన్న అనుమానం వచ్చిన రోజు ఆ పేజీ తిప్పుకోవచ్చు.

అపోహ: ఐదో తరగతి పిల్లాడికి ఐదో తరగతి పాఠమే చెప్పాలి.

వాస్తవం: మొదటి వారం పాఠం జోలికే పోవద్దు. ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి మూడు నాలుగు నిమిషాలు చదివించండి. ముందు విడి అక్షరాలు, తర్వాత ‘వల’, ‘పడవ’, ఆ తర్వాత ‘గుడి’, ‘మేక’, ఆపైన ‘అమ్మ’, ‘చెట్టు’, చివర నాలుగు వాక్యాలు. ఎక్కడ ఆగితే అక్కడి గుంపులో వేయండి, తరగతి చూడొద్దు.

గుణింతం గడగడా అప్పజెప్పాడని మోసపోకండి. ‘కి’ ఒక్కటే రాసి చూపిస్తే, ‘క, కా’ నుంచి మొదలుపెట్టి పాడుకుంటూ దాని దాకా వచ్చే పిల్లలు బోలెడుమంది. అది పాటే, చదువు కాదు. ప-వ-ష, మ-య తడబాటు కూడా ఇక్కడే బయటపడుతుంది.

లెక్కల్లోనూ ఇంతే. 42లోంచి 17 తీసేయమంటే 35 అని రాస్తారు. 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచే 2 తీసేస్తారు. నాలుగు కట్టల చీపురుపుల్లలు (కట్టకు పది), రెండు విడి పుల్లలు చేతికివ్వండి. పదిహేడు ఇమ్మంటే రబ్బరుబ్యాండు తీసి ఒక కట్ట విప్పక తప్పదు. పలక మీద ‘అప్పు తెచ్చుకోవడం’ ఆ తర్వాతే.

అపోహ: బ్యాగులు, నోటుబుక్కులు పంచితే చాలు.

వాస్తవం: సర్కారు బడి పిల్లలకు అవి బడిలోనే ఇస్తారు. తక్కువపడేది పెద్దక్షరాల చిన్న కథల పుస్తకాలు, ఛార్జింగు లైటు. ఫొటోలు దిగడానికి బ్యాగులే బాగుంటాయనుకోండి, అది వేరే సంగతి.

అపోహ: తెలుగు రానివాడు మొద్దు.

వాస్తవం: తండాలో ఇంటి భాష లంబాడీ, సరిహద్దు ఊళ్లలో కన్నడం, కర్నూలు పాతబస్తీలో ఉర్దూ. నీళ్లను ‘పాణి’ అనే పిల్లకు ‘నీళ్లు’ అన్న మాట ముందు చెవికి అలవాటు కావాలి. రెండు వారాలు బొమ్మలు చూపించి మాట్లాడించండి, రాయించడం తర్వాత.

అపోహ: సుగ్గికి పోతే ఆ ఏడాది చదువు పోయినట్లే.

వాస్తవం: దీపావళి దాటాక పత్తి ఏరడానికి, సంక్రాంతి అటూ ఇటూగా గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు. ఏ ఇల్లు ఎప్పుడు కదులుతుందో దసరాకే అడిగి రాసుకోండి. అవ్వా తాతా ఇంట్లో ఉంటే పిల్లను వాళ్ల దగ్గర ఉంచమని అడగండి. లేదంటే సీజనల్ హాస్టలు (వలస పోయినవాళ్ల పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునే వసతి) కోసం హెడ్‌మాస్టరుతో ముందే మాట్లాడండి. వెంట తీసుకుపోక తప్పకపోతే చదువుతున్న తరగతి, బడి పేరు ఒక కాగితం మీద రాసి, ఆధార్ జిరాక్సుతో పాటు అమ్మ చేతికివ్వండి. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను టీసీ ఆలస్యమైందన్న సాకుతో సర్కారు బడి చేర్చుకోకుండా ఉండకూడదు. 2009 విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ చెప్పేది అదే. 4వ సెక్షన్ ప్రకారం వయసుకు తగ్గ తరగతిలోనే కూర్చోబెట్టాలి.

అపోహ: నేను మానేస్తే ఇంకొకరు వస్తారులే.

వాస్తవం: వస్తారు, వచ్చి మళ్లీ ‘అ, ఆ’ నుంచి మొదలుపెడతారు. వెళ్లేముందు రెండు వారాలు కొత్తవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఆ నోట్సు ఒక్కో పేజీ చూపించండి.