ల్యాడర్ ట్రక్ ఎందుకు రావట్లేదు? సిన్సినాటి నుంచి మొదలుపెడితే అర్థమవుతుంది

అమెరికాలో ఫైర్ ట్రక్కుల గొడవ మళ్ళీ రాజుకుంది. 2025 ఆగస్టులో మిసిసిపి నది ఒడ్డున ఉన్న లా క్రాస్ సిటీ, కుమ్మక్కై ధరలు పెంచారంటూ పెద్ద తయారీ కంపెనీల మీద కోర్టుకెక్కింది, సెప్టెంబర్‌లో సెనేట్ కమిటీ కంపెనీల వాళ్ళని కూర్చోబెట్టి అడిగింది. పదేళ్ళ కిందట 10 లక్షల డాలర్లలోపు దొరికిన ల్యాడర్ ట్రక్ (పొడవాటి నిచ్చెన ఉండే ఫైర్ ట్రక్) ఇప్పుడు 20 లక్షల దాకా పోయింది, పైగా ఆర్డర్ ఇచ్చాక మూడు నాలుగేళ్ళు ఎదురుచూపులు.

జనం వరసగా నిలబడి బకెట్లు అందించుకుంటూ మంటలార్పిన కాలం, జీతం లేని వాలంటీర్ బృందాల కొట్లాటలు వదిలేద్దాం. ఒహాయో నది ఒడ్డున సిన్సినాటిలో 1853 జనవరి 1న ఆవిరితో నీళ్ళు కొట్టే ఫైర్ ఇంజిన్‌ని జనం ముందు నడిపి చూపించారు, ఏప్రిల్ 1కి జీతాలిచ్చే ఫైర్ డిపార్ట్‌మెంట్ వచ్చేసింది. ఆ ఇంజిన్ చేసిన లట్టా, షాక్ ఆ ఊరి వాళ్ళే, మొదటి చీఫ్ మైల్స్ గ్రీన్‌వుడ్‌కి ఊళ్ళోనే ఇనుప ఫౌండ్రీ ఉండేది. తర్వాత అదే ఊళ్ళో తయారైన ఆరెన్స్-ఫాక్స్ ఫైర్ ట్రక్ ముందు గుండ్రంగా మెరిసే గుండు ఉంటుంది, అది షోకి కాదు, లోపల గాలి ఉండి పిస్టన్ పంపు కుదుపుల్ని మింగేసి హోస్‌లో నీళ్ళు సమంగా వచ్చేలా చేసేది. బండికి ఏదైనా అయితే అడగాల్సిన మనిషి అదే ఊళ్ళో ఉండేవాడు, నాకు ముఖ్యంగా కనిపించేది ఇదే.

నిచ్చెనలదీ అదే దారి. ఫ్రెడరిక్ సీగ్రేవ్ 1881లో డెట్రాయిట్‌లో పళ్ళు కోసే నిచ్చెనలతో మొదలుపెట్టి, 1891లో అదే ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌కి వచ్చాడు. 1963లో ఎఫ్‌డబ్ల్యూడీ అనే ట్రక్కుల కంపెనీ కొనేశాక సీగ్రేవ్ కంపెనీ విస్కాన్సిన్‌కి వెళ్ళిపోయింది. అప్పటికి ఇంకా పోటీ బతికే ఉంది.

అసలు మలుపు 2008 అని నేనంటాను. ఆ ఏడాది అమెరికన్ ఇండస్ట్రియల్ పార్ట్‌నర్స్ అనే పెట్టుబడి సంస్థ ఈ-వన్ అనే ఫైర్ ట్రక్కుల కంపెనీని కొంది, ఇలా కొన్నవాటితోనే తర్వాత రెవ్ గ్రూప్ తయారైంది, ఇంకొన్ని ఫైర్ ట్రక్కుల కంపెనీలు కూడా, 2016లో కేఎంఈ, 2017లో ఫెరారా, 2020లో స్పార్టన్ ఫైర్ ట్రక్కుల విభాగం, ఒక్కొక్కటీ దాని కిందకే వచ్చాయి. 2022లో పెన్సిల్వేనియాలోని కేఎంఈ ఫ్యాక్టరీని మూసేశారు. ట్రక్కులు దొరక్క ఊళ్ళు అల్లాడుతున్న టైమ్‌లో ఒక ఫ్యాక్టరీనే తీసేశారంటే ఫైర్‌ఫైటర్ల యూనియన్ వాళ్ళకి కోపం రాదా? కోవిడ్ తర్వాత ఆర్డర్లు ఒక్కసారిగా పెరిగాయి, పార్టులు, మనుషులు దొరకలేదు, మేం కుమ్మక్కవలేదు అని కంపెనీల మాట. మరి రెవ్ చేతిలో పెండింగ్ ఆర్డర్లే 400 కోట్ల డాలర్లు దాటాయి.

ఇందులో పాత ఫైర్ స్టేషన్లకీ పాత్ర ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడట్లేదు. సిన్సినాటి కోర్ట్ స్ట్రీట్‌లో హ్యారీ హేక్ డిజైన్ చేసిన స్టేషన్ ఇప్పుడు ఫైర్ మ్యూజియం. గుర్రాల బళ్ళ కాలంలో కట్టిన ఇలాంటి స్టేషన్లు పాత నది ఊళ్ళల్లో ఇంకా పనిచేస్తున్న చోట్ల, తలుపు ఎత్తు, వెడల్పు చూసుకునే ట్రక్ ఆర్డర్ చెయ్యాలి, రెడీగా ఉన్న బండి కొందామంటే లోపల పట్టదు. అంటే ఆ ఊరికి కస్టమ్ తయారీదారు తప్ప దిక్కులేదు, ఆ తయారీదార్లేమో తగ్గిపోతున్నారు, కొత్త స్టేషన్ కట్టాలంటే మళ్ళీ ట్రక్ కోసం దాచిన సిటీ డబ్బులే తియ్యాలి.