సి భాష: అవుట్‌పుట్ వచ్చినంత మాత్రాన ప్రోగ్రామ్ సరైనదేనా? కొన్ని అపోహలు - వాస్తవాలు

ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో సి ల్యాబ్ చేసినవారికి రికార్డులో ప్రతి ప్రోగ్రామ్ చివర రాసే వాక్యం గుర్తుండే ఉంటుంది: పై ప్రోగ్రామ్ విజయవంతంగా ఎగ్జిక్యూట్ అయినదని. ఒక పేజీలో పెన్సిలుతో గీసిన ఫ్లోచార్టు, మరో పేజీలో ప్రోగ్రామ్, దాని కింద అవుట్‌పుట్. ల్యాబ్ ఇన్‌చార్జి సంతకం పడితే ఆ ప్రోగ్రామ్ కథ అంతటితో ముగిసినట్లే. మీటర్లకు, మోటారు కంట్రోలర్లకు ఫర్మ్‌వేర్ (పరికరం లోపలే ఉండి దాన్ని నడిపించే ప్రోగ్రామ్) రాసే పనిలో ఉన్న నాకు, ఏటా కొత్తగా చేరే ఫ్రెషర్ల కోడ్ చూసే బాధ్యత కూడా ఉంది. వారికి సి రాదని నేను అనను. సింటాక్స్ వారికి నాకంటే బాగా గుర్తుంటుంది. చిక్కంతా ఆ రికార్డు వాక్యంలోనే ఉంది. ఒకసారి నడిచింది కనుక సరైనదే అన్న నమ్మకాన్ని ఆ వాక్యం మనకు మొదటి ఏడాదిలోనే అలవాటు చేస్తుంది, ఆ తరువాత మనం పెంచుకునే అపోహల్లో చాలా భాగం దాని పిల్లలే.

అపోహ: అవుట్‌పుట్ సరిగ్గా వస్తే ప్రోగ్రామ్ సరైనదే.

వాస్తవం తెలియాలంటే ఒక చిన్న ఉదాహరణ చాలు. ఐదు సబ్జెక్టుల మార్కుల కోసం ఐదు గదుల అరే ఒకటి పెట్టుకుని, అన్ని గదుల్లోనూ ముందుగా సున్నా వేద్దామని ఫర్ లూప్ రాశామనుకుందాం. ఐ = 0 నుంచి మొదలుపెట్టి, ఐ < 5 అని రాయవలసిన చోట ఐ <= 5 అని రాశాం. గదుల నంబర్లు 0 నుంచి 4 వరకే కాబట్టి, లూప్ ఆరోసారి తిరిగినప్పుడు మనది కాని చోట సున్నా రాస్తుంది. అక్కడ ఏముంది? అది కంపైలర్ ఏ వేరియబుల్‌ను ఎక్కడ పెట్టిందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఖాళీ బైట్లు ఉంటే ఏమీ జరగదు, రికార్డులో సంతకం పడుతుంది. అక్కడ ఉన్నది ఐ అన్న వేరియబుల్ అయితే, 5కు చేరిన ఐ మళ్లీ సున్నా అవుతుంది, లూప్ మళ్లీ మొదటికొస్తుంది, ప్రోగ్రామ్ ఎప్పటికీ ముగియదు. ఒకే కోడ్ ఒకరి కంప్యూటర్లో చక్కగా నడిచి, పక్కవారి కంప్యూటర్లో వేలాడిపోవడానికి కారణం ఇదే. మనవాళ్లు మాత్రం పక్కవారి సిస్టమ్‌లో ఏదో లోపం ఉందని సరిపెట్టుకుంటారు.

ఇటువంటి స్థితిని సి ప్రమాణం అన్‌డిఫైన్డ్ బిహేవియర్ అంటుంది. అంటే ఆ తరువాత ఏం జరగాలో భాష ఏ హామీ ఇవ్వదని అర్థం. తప్పు జరిగిందని చెప్పే బాధ్యత కూడా భాషకు లేదు. సరైన అవుట్‌పుట్ రావడం కూడా ఆ "ఏదైనా జరగవచ్చు"లో ఒక భాగమే కనుక, అవుట్‌పుట్‌ను సాక్ష్యంగా తీసుకోలేం. సాక్ష్యం మరో చోటి నుంచి రావాలి. జీసీసీ గాని, క్లాంగ్ గాని కంపైలర్‌గా వాడేవారు కంపైల్ చేసేటప్పుడు, మెమొరీ హద్దు దాటితే పట్టుకునే అడ్రెస్ శానిటైజర్ ఆప్షన్‌ను, దానితోపాటు డీబగ్ సమాచారం ఉంచే -జి ఆప్షన్‌ను చేర్చి అదే ప్రోగ్రామ్‌ను నడిపితే, అది మొదటి తప్పు దగ్గరే ఆగి, స్టాక్ బఫర్ ఓవర్‌ఫ్లో జరిగిందని, 4 బైట్లు అనుమతి లేని చోట రాశారని, ఫలానా ఫైల్లో ఫలానా లైనని చూపిస్తుంది. దీనికి డబ్బు ఖర్చు లేదు, ప్రత్యేకంగా నేర్చుకోవలసినదీ పెద్దగా లేదు. అయినా నాలుగేళ్ల చదువులో ఒక్కసారి కూడా దీని పేరు వినలేదని చెప్పే ఫ్రెషర్లే నాకు ఎక్కువగా ఎదురవుతారు.

హద్దు దాటి రాయడం కేవలం ల్యాబ్ పొరపాటని కొట్టిపారేయడానికి వీల్లేదు. 1988 నవంబర్ 2న ఇంటర్నెట్‌లో తనంతట తానే వ్యాపించిన మోరిస్ వర్మ్ అనే ప్రోగ్రామ్, యూనిక్స్ మెషీన్లలోకి చొరబడటానికి వాడుకున్న దారుల్లో ఒకటి ఫింగర్ సర్వర్ ప్రోగ్రామ్. అందులో 512 బైట్ల బఫర్‌లోకి గెట్స్ ఫంక్షన్‌తో ఇన్‌పుట్ చదివేవారు. గెట్స్‌కు బఫర్ ఎంత పెద్దదో చెప్పే మార్గమే లేదు, వచ్చినంతా మింగుతుంది. ఆ ఫంక్షన్‌ను 2011 ప్రమాణంలో భాష నుంచి పూర్తిగా తీసేశారు. లైనక్స్‌లో ఇప్పటికీ ఎవరైనా దాన్ని వాడితే, ఇది ప్రమాదకరం, వాడకూడదని లింకరే హెచ్చరిస్తుంది. మన ల్యాబ్ మాన్యువల్స్‌లో స్ట్రింగ్ తిప్పి రాసే ప్రోగ్రామ్ మాత్రం ఇప్పటికీ గెట్స్‌తోనే మొదలవుతూ కనిపిస్తుంది. దాని బదులు ఎఫ్‌గెట్స్ వాడి, బఫర్ సైజు ఇచ్చి, చివర మిగిలే న్యూలైన్ అక్షరాన్ని మనమే తీసేసుకోవడం అలవాటు చేసుకోవాలి. స్కాన్‌ఎఫ్ వాడితే అది తిరిగి ఇచ్చే విలువను చూడకుండా ముందుకు వెళ్లకూడదు. అంకె అడిగిన చోట ఎవరైనా అక్షరం కొడితే, అది సున్నా తిరిగి ఇచ్చి, మన వేరియబుల్‌ను ముట్టుకోకుండా వదిలేస్తుంది.

అపోహ: టర్బో సిలో నడిచేదే సి.

బోర్లాండ్ సంస్థ టర్బో సిని 1987లో విడుదల చేసింది. సి భాషకు మొదటి అధికారిక ప్రమాణం వచ్చింది 1989లో. అంటే ఈనాటికీ కొన్ని చోట్ల డాస్‌బాక్స్‌లో (పాత డాస్ ప్రోగ్రామ్‌లను నడిపే సాఫ్ట్‌వేర్‌లో) తెరుస్తున్న ఆ నీలిరంగు తెర పుట్టుక, ప్రమాణం కంటే ముందుది. క్లియర్ స్క్రీన్, గెట్‌సీహెచ్, కొనియో హెడర్ ఇవేవీ సి భాషలో భాగాలు కావు, ఆ కంపైలర్‌తో వచ్చిన సరుకులు. మామూలు ప్రోగ్రామ్‌లో మెయిన్ ముందు వాయిడ్ రాయడం కూడా ప్రమాణం చెప్పిన పద్ధతి కాదు. అక్కడ ఉండవలసింది ఇంట్.

దీనికంటే లోతైన నష్టం ఒకటుంది. టర్బో సిలో ఇంట్ 2 బైట్లే, దానిలో పట్టే పెద్ద సంఖ్య 32767. అందుకే 7 ఫ్యాక్టోరియల్ 5040 అని సరిగ్గా వస్తుంది, 8 ఫ్యాక్టోరియల్ 40320కి బదులు -25216 అని వస్తుంది. ఈ మైనస్ సంఖ్యను చూసి చాలామంది ఇన్‌పుట్‌ను 7 లోపలే ఇచ్చి రికార్డు పూర్తి చేశారు. నేనూ అలాగే చేశాను. నేటి కంప్యూటర్లలో ఇంట్ సాధారణంగా 4 బైట్లు కనుక 12 ఫ్యాక్టోరియల్ దాకా పడుతుంది, 13 దగ్గర పొంగుతుంది. గోడ దూరం జరిగిందే తప్ప పోలేదు. పైగా సైన్డ్ (మైనస్ విలువలు కూడా పట్టే) సంఖ్య పొంగడం కూడా అన్‌డిఫైన్డ్ బిహేవియరే కాబట్టి, ఎప్పుడూ మైనస్ సంఖ్యే వస్తుందని కూడా అనుకోకూడదు. లాంగ్ అనే టైపు 64 బిట్ లైనక్స్‌లో 8 బైట్లు, 64 బిట్ విండోస్‌లో 4 బైట్లు. సైజు కచ్చితంగా తెలియవలసిన చోట, 1999 ప్రమాణంతో వచ్చిన ఇంట్32, ఇంట్64 వంటి స్థిరమైన వెడల్పు గల టైపులు వాడటమే సరైన పని.

అపోహ: ఐ = ఐ++ + ++ఐ వంటి ప్రశ్నలకు జవాబు చెప్పగలిగితే సి లోతుగా తెలిసినట్లు.

ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఒకే వేరియబుల్‌ను ఒకే ఎక్స్‌ప్రెషన్‌లో వరుస తేల్చకుండా రెండుసార్లు మార్చడం కూడా అన్‌డిఫైన్డ్ బిహేవియరే. జీసీసీలో వార్నింగ్‌లు చూపే -వాల్ (-Wall) ఆప్షన్ పెడితే అదే ఈ సంగతి హెచ్చరిస్తుంది. కోచింగ్ నోట్సుల్లో దీనికి 11 అనో 12 అనో విలువ కట్టి, ఎడమ నుంచి కుడికంటూ బాణాలు గీసి చూపే పేజీలను నేను చూశాను. ఆ శ్రమకు జాలి వేస్తుంది. ఇంటర్వ్యూలో ఎవరైనా ఇది అడిగితే, దీని ఫలితాన్ని భాష నిర్ణయించలేదని మర్యాదగా చెప్పండి. ఆ జవాబుకు మార్కులు తీసేసే చోట పని ఎలా ఉంటుందో కూడా అప్పుడే కొంత తెలుస్తుంది.

అపోహ: వార్నింగ్ అంటే ఎర్రర్ కాదు కదా, వదిలేయవచ్చు.

కంపైలర్ వార్నింగ్ ఇచ్చిందంటే, ఈ కోడ్‌ను నేను అనువదించగలను గాని నువ్వు అనుకున్నది ఇది కాదేమోనని అది సందేహం వెలిబుచ్చుతోందని అర్థం. -వాల్ అన్న ఆప్షన్ పేరును చూసి అన్ని వార్నింగ్‌లూ వస్తాయనుకుంటారు, అది నిజం కాదు. దానికి -వెక్స్‌ట్రా తోడు చేయాలి, అప్పటికీ కొన్ని మిగులుతాయి. ఇప్పటికే ఉన్న పెద్ద కోడ్ మీద ఒక్కసారిగా ఇవన్నీ పెడితే వందల కొద్దీ వార్నింగ్‌లు వచ్చి మనిషి బెదిరిపోతాడు. మొదటి ఫైలు నుంచే పెట్టుకుంటే ఆ బాధ ఉండదు.

2014 ఫిబ్రవరిలో బయటపడిన యాపిల్ లోపాన్ని నేను ఫ్రెషర్లందరికీ చూపిస్తాను. సురక్షిత కనెక్షన్‌ను పరీక్షించే ఫంక్షన్‌లో, ఒక ఇఫ్ కింద, ఫెయిల్ అన్న చోటికి దూకమనే గోటూ ఫెయిల్ అన్న లైను పొరపాటున రెండుసార్లు పడింది. బ్రేసులు లేకపోవడం వల్ల మొదటి లైను మాత్రమే ఇఫ్‌కు చెందింది, రెండోది ప్రతిసారీ నడిచింది, దాని కింద ఉన్న అసలు పరీక్ష ఎన్నడూ జరగలేదు. ఇండెంటేషన్ చూసిన కంటికి రెండు లైన్లూ ఇఫ్ లోపలే ఉన్నట్లు కనిపిస్తాయి. 2016లో వచ్చిన జీసీసీ 6 నుంచి ఇటువంటి తప్పుదారి పట్టించే ఇండెంటేషన్‌ను -వాల్ పట్టుకుంటోంది. ఒక్క లైనే ఉన్నా బ్రేసులు పెట్టమని నేను పోరుపెట్టడానికి కారణం ఇదే.

అయితే ఈ కథ విని గోటూ మహాపాపమని నిర్ణయించుకోవద్దు. లైనక్స్ కెర్నల్‌లో, మధ్యలో ఏదైనా విఫలమైతే అప్పటిదాకా తీసుకున్న వనరులను వరుసగా వదిలి బయటికి రావడానికి గోటూనే వాడతారు, అది చదవడానికి శుభ్రంగానే ఉంటుంది.

అపోహ: అరే అన్నా పాయింటర్ అన్నా ఒకటే.

మెయిన్‌లో ఐదు ఇంట్‌ల అరేకు సైజాఫ్ అడిగితే 20 వస్తుంది. దాన్ని ఒక ఇంట్ సైజు 4తో భాగిస్తే 5 గదులని తేలుతుంది. ఇదే లెక్కను మొత్తం కూడే ఫంక్షన్ లోపల, పారామీటర్‌గా వచ్చిన అరే మీద చేస్తే, 64 బిట్ కంప్యూటర్లో 8 బై 4, అంటే 2 వస్తుంది. ఐదు సబ్జెక్టులు రాసిన విద్యార్థికి రెండు సబ్జెక్టుల మార్కులే కలుస్తాయి. ఫంక్షన్‌కు అరే వెళ్లదు, మొదటి గది చిరునామా మాత్రమే వెళుతుంది. పారామీటర్ దగ్గర చదరపు బ్రాకెట్లు రాసినా అక్కడ ఉన్నది పాయింటరే. కనుక అరేతోపాటు దాని పొడవును కూడా విడిగా పంపడం అలవాటు కావాలి. పాయింటర్లు అర్థం కావడం లేదనేవారికి నేను చెప్పేది ఒక్కటే: కీబోర్డు పక్కన పెట్టి, కాగితం మీద గళ్లు గీసి, ఒక్కో గడికి చిరునామా వేసి, బాణాలు గీయండి. నేను ఇప్పటికీ గీస్తాను.

అపోహ: ఆప్టిమైజేషన్ (కోడ్‌ను వేగంగా, చిన్నదిగా మార్చమని కంపైలర్‌కు చెప్పడం) పెంచితే చెడిపోయింది కనుక తప్పు కంపైలర్‌దే.

ఉద్యోగంలో చేరిన రెండో ఏట నేను కూడా ఇలాగే వాదించాను. బటన్ నొక్కితే, మెయిన్‌ను మధ్యలో ఆపి నడిచే ఇంటరప్ట్ రొటీన్ ఒక ఫ్లాగ్‌ను 1 చేస్తుంది, మెయిన్‌లోని లూప్ ఆ ఫ్లాగ్ సున్నాగా ఉన్నంతసేపూ వేచి ఉంటుంది. డీబగ్ బిల్డ్‌లో అంతా బాగుంది. ఆప్టిమైజేషన్ పెట్టిన బిల్డ్‌లో ఎన్నిసార్లు నొక్కినా బోర్డు పలకలేదు. రెండు రోజులు బటన్ మార్చాను, సోల్డరింగ్ మళ్లీ చేశాను, చివరికి కంపైలర్‌ను తిట్టాను. సీనియర్ ఒకాయన వచ్చి అసెంబ్లీ తెరిపించారు. ఫ్లాగ్‌ను మెమొరీ నుంచి ఒక్కసారే చదివి రిజిస్టర్‌లో పెట్టుకుని, అది సున్నా అయితే తన చుట్టూ తానే తిరిగే ఒక జంప్ మాత్రమే అక్కడ ఉంది. లూప్ లోపల ఫ్లాగ్‌ను ఎవరూ మార్చడం లేదు కాబట్టి మళ్లీ మళ్లీ చదవడం దండగని కంపైలర్ భావించింది, భాష దానికి ఆ హక్కు ఇచ్చింది. ప్రతిసారీ మెమొరీ నుంచే చదవమని చెప్పే వోలటైల్ అన్న మాటను ఫ్లాగ్ ముందు రాయగానే బోర్డు పలికింది. ఇక్కడ ఒక హెచ్చరిక: రెండు థ్రెడ్‌ల మధ్య పంచుకునే డేటాకు వోలటైల్ మందు కాదు, దానికి 2011 ప్రమాణంలోని అటామిక్ టైపులో, లాకులో కావాలి.

అపోహ: ప్రోగ్రామ్ ముగిస్తే మెమొరీని ఆపరేటింగ్ సిస్టమే తీసుకుంటుంది, ఫ్రీ చేయనక్కర్లేదు.

లైనక్స్‌లోనో విండోస్‌లోనో నడిచే చిన్న ప్రోగ్రామ్‌కు మొదటి సగం నిజమే. నెలల తరబడి ఆగకుండా నడిచే సర్వర్‌కు ఆ "ముగిస్తే" అన్నది రాదు, మా మీటర్లలో చాలా వాటికి ఆపరేటింగ్ సిస్టమే లేదు. ఆ మాటకొస్తే ఫర్మ్‌వేర్‌లో మేము, ప్రోగ్రామ్ నడుస్తుండగా మెమొరీ తీసుకునే మాల్లాక్‌ను వీలైనంతవరకు వాడనే వాడం. కార్ల పరిశ్రమ నుంచి వచ్చిన మిస్రా నియమాలు కూడా దాన్ని వద్దనే అంటాయి. వాడే చోట మాత్రం, ఈ మెమొరీని వదలవలసింది ఎవరన్నది ఫంక్షన్ పైన ఒక్క లైను కామెంటులో రాసి ఉండాలి. ఎవరూ వదలకపోతే లీకు, ఇద్దరూ వదిలితే అంతకంటే పెద్ద ప్రమాదం.

కొత్తగా చేరినవారికి మొదటి వారంలో నేను కొత్త ప్రోగ్రామ్ ఏదీ ఇవ్వను. కాలేజీలో రాసిన ప్రోగ్రామ్‌లను తెచ్చి, -వాల్, -వెక్స్‌ట్రా, శానిటైజర్ పెట్టి మళ్లీ నడపమంటాను. కిందటేడు ఒక అమ్మాయి ఎక్స్‌టర్నల్ పరీక్షలో పూర్తి మార్కులు వచ్చిన లింక్డ్ లిస్ట్ ప్రోగ్రామ్ తెచ్చింది. లిస్ట్ మొత్తం తొలగించే ఫంక్షన్‌లో నోడ్‌ను ఫ్రీ చేసి, ఆ మరుసటి లైనులోనే అదే నోడ్‌లోంచి తరువాతి నోడ్ చిరునామా చదువుతోంది. తెర నిండా రిపోర్టు వచ్చింది. ఆమె కాసేపు చూసి, ఫ్రీ చేయకముందే చిరునామాను మరో పాయింటర్‌లో దాచుకునేలా రెండు లైన్లు మార్చింది, రిపోర్టు పోయింది. "సార్, మరి అప్పుడు ఎలా వచ్చింది అవుట్‌పుట్?" అని అడిగింది. ఆ మధ్యాహ్నమంతా మేమిద్దరం ఆ పాత కోడ్‌నే జీడీబీ అనే డీబగ్గర్‌లో ఒక్కో లైనూ నడుపుతూ, ఫ్రీ తరువాత ఆ నోడ్‌లోని బైట్లు ఏమవుతున్నాయో చూస్తూ గడిపాం.